తొందర లోయలో గడియ గిన్నె

తొందర లోయ వెడల్పు ఏపాటిది? ఈ గట్టున నిలబడి కేకేస్తే ఆ గట్టున మేకలు కాసేవాడు "ఏందీ" అని పలుకుతాడు. పిలుపు దూరం, అంతే. ఆ పిలుపు దూరంలో సగం పోయి వెనక్కి తిరగడానికి కంచరి అంకాలుకి మూడు రోజులు పట్టింది. ఇంకా గట్టెక్కలేదు.

మేఖలాపురం కోట ఉత్తరపు గోడకి ఆనుకునే ఉంటుంది ఆ లోయ. పైనుంచి చూస్తే కళ్లు చెదురుతాయి. పచ్చలు పొడి చేసి చల్లినట్టు గడ్డి. ఆ గడ్డి మధ్య మోదుగు చెట్లు చూస్తుండగానే మొగ్గ తొడిగి, నిప్పుల కుప్పల్లా పూసి, అంతలోనే రాల్చి, మళ్లీ మొగ్గ తొడుగుతాయి. సీతాకోకచిలుక గూడు చీల్చుకుని వచ్చి రెండు పూల మీద వాలుతుంది, మూడో పువ్వు చేరేలోగా రెక్కలు రాలిపోతాయి. లోయ మీదుగా ఎగిరిన కొంగ అవతలి గట్టుకి ఈకలై చేరుతుంది. ఇంత సొగసుని తయారుచేసింది మంత్రి ధూమకేతనుడు. మంత్రి అంటే రెండర్థాలూ వాడికి చెల్లుతాయి, వాడు రాణికి అమాత్యుడు, మంత్రగాడు కూడా. వాడు చేసిన పనులన్నీ ఇంతే, దూరాన్నుంచి చూడటానికి బాగుంటాయి.

లోయకి ఉన్న ధర్మం ఒక్కటే. తొందరపడినవాడి ఆయుష్షు తాగేస్తుంది. పరుగెత్తితే అడుగుకో ఏడాది. గుర్రమెక్కి దౌడు తీస్తే గిట్ట తగిలినప్పుడల్లా ఓ ఏడాది. నత్తలా పాకేవాణ్ణి మాత్రం అది పట్టించుకోదు, రాయి అనుకుని వదిలేస్తుంది.

అంకాలు రాయిలాగే నడుస్తోంది. కాలు ఎత్తడానికి పది ఊపిర్లు, దించడానికి పది ఊపిర్లు. ముప్పై రెండేళ్ల మనిషి. మోచేతుల దాకా నిప్పురవ్వల మచ్చలు. పుట్టింది కంచుమెట్ట కొండ మీద, పెరిగింది కొలిమి తిత్తి దగ్గర. తిత్తి తొక్కేవాళ్లకి ఊపిరి లెక్క పెట్టడం ఎవరూ నేర్పక్కర్లేదు. గడియకి మూడొందల అరవై ఊపిర్లు. ఆ లెక్కా, కంచు చల్లారే లెక్కా తెలియబట్టే దొంగ దొరికాడు.

ఆమె నడుముకి గుడ్డలో చుట్టి కట్టుకున్నది ఒక రాగి గిన్నె. అరచెయ్యంత ఉంటుంది. దాని అడుగున సూది బెజ్జం.

ఆ గిన్నె సంగతి చెప్పకపోతే ఈ కథ ముందుకి పోదు.

ఆ రాజ్యంలో కొత్త శాసనం ఏది చెయ్యాలన్నా సభలో సింహాసనానికి ఎదురుగా ఒక వేపచెక్క పీట వెయ్యాలి. సింహాసనం ఎంత ఎత్తో పీటా అంత ఎత్తు. దాన్ని ఎదురుపీట అంటారు. కొండల్లోనూ పల్లంలోనూ ఉన్న ముప్పై ఊళ్లు ఒకదాని తర్వాత ఒకటి ఆ పీట మీద తమ మనిషిని కూచోబెట్టి మాట్లాడించాలి. ఊరికో గిన్నె. అంటే నీళ్ల తొట్టిలో గిన్నె తేల్చినప్పట్నుంచి బెజ్జంలోంచి నీరెక్కి అది మునిగే దాకా ఎంతసేపైతే అంతసేపు. మునగ్గానే గంట కొడతారు, మనిషి లేస్తాడు. ఆ గడియలో అడిగిన ప్రశ్నకి జవాబు చెప్పక తప్పదు. చెప్పకపోతే ముద్ర పడదు, ఆ శాసనం ముప్పై ఊళ్లూ తిరిగి రావాలి. ఏ ప్రశ్నా లేకపోతే ఊళ్లు ఒప్పుకున్నట్టే.

బాగుంది కదా. తాతలు చేసిన మంచి పని. ధూమకేతనుడు దాన్ని ఎత్తెయ్యలేదు. ఎత్తేస్తే జనం కర్రలు పట్టుకొస్తారు, పైగా వాడి మంత్రానికి ఒక చిక్కుంది. ఒప్పుకున్నవాడి మీదే అది పారుతుంది. అందుకని వాడు గిన్నె మార్చాడు.

ఒక్క నెలలో ఏడు శాసనాలు అయిపోయాయి. ప్రతిసారీ అదే వరస. ఊరి మనిషి పీటెక్కి, గొంతు సవరించుకుని, "మహారాణీవారి పాదాలకి మా ఊరి దండాలు, మా ఊరు ఏటికి అవతల," అనేసరికి గంట. ఇంకో ఊరి మనిషి, దండం, గంట. సభ జరిగే రోజున కోట పెరట్లో మంత్రిగారి హోమం ఉంటుంది. ఆ పొగ ఊరంతా కమ్ముతుంది. బయటికొచ్చినవాళ్లకి సూర్యుడు కనపడడు, మసక కనపడుతుంది, పొద్దుగూకిందనుకుని ఇళ్లకి పోతారు. పోతూ పోతూ తమని తామే తిట్టుకుంటారు. మనకి మాట్లాడటం రాదురా, దండాలకే గడియ అయిపోతోంది, చదువుకున్నోళ్లు ఎట్టా మాట్లాడతారో ఏమో. అన్యాయం చేసినవాడికన్నా ఆ మాట అంకాలుని ఎక్కువ మండించింది. దోచుకున్నది చాలక జనాన్ని సిగ్గుపడేలా కూడా చేస్తావా?

ఏడో శాసనం నాడు ఆమె కోట పక్కన కొలిమిలో గంట మూస పోసి సభకి పోయింది. పొద్దున పోసిన మూస పొద్దుగూకే వేళకి చల్లారాలి. ముప్పై గడియలు ముగిశాయని తిరిగొచ్చి మూస మీద చెయ్యి వేసింది. చురుక్కుమని బొబ్బెక్కింది. బొబ్బ వంక చూస్తూ కాసేపు నిలబడింది. కంచు అబద్ధమాడదు. అయితే అబద్ధమాడింది గిన్నె.

ఆ మాట సభలోనే అడిగితే ధూమకేతనుడు నవ్వాడు. "గిన్నె తప్పైతే ఒప్పు గిన్నె తెచ్చి చూపించవే కంచరిదానా," అన్నాడు. అసలు గిన్నె అంకాలు తాత పోసింది. దాన్ని కరిగించబోతే మంత్రి కొలిమే చల్లారిపోయిందట. అందుకని తీసుకుపోయి తొందర లోయ నడిమధ్య మద్దిచెట్టుకి వేలాడదీశాడు. ఆ సంగతి ఆమెకి చెప్పింది సూరప్ప మామ, కంచుమెట్ట తరఫున ఎదురుపీట ఎక్కే పెద్ద. ఎనిమిదో శాసనం మీద సంప్రదించాలి రమ్మని సూరప్పని పల్లకీ ఎక్కించారు. పల్లకీని లోయలోంచి పరుగెత్తించారు, అప్పుడే ఆయన కంట పడింది ఆ గిన్నె. ఎక్కినప్పుడు నలభై ఏళ్లు, దిగినప్పుడు ఎనభై. మోసినవాళ్లని మళ్లీ ఎవరూ చూడలేదు. మర్నాడు చాటింపు: "కొండవారి పెద్దని సంప్రదించడమైనది. వారు అభ్యంతరం చెప్పలేదు." చెప్పడానికి ఆయనకి ఊపిరి ఆడితే కదా.

ఎనిమిదోది కొండల రక్షణ శాసనం. పదకొండు తాటాకులు. కొండల్ని కాపాడటానికి కొండల మీద ఉన్నవాళ్లు దిగిపోవాలన్నది దాని సారం. కంచుమెట్ట ఇక ఊరు కాదు, ఖాళీ మెట్ట. చాటింపు రోజున పండితుడు ఆకులు చదువుతుంటే అంకాలు కళ్లారా చూసింది. ఎనిమిదో ఆకు తర్వాత వాడి బొటనవేలు రెండు ఆకుల్ని కలిపి తిప్పింది. తొమ్మిదో ఆకులో ఏముందో ఎవరికీ తెలియదు.

ఈ రోజే సభ.

గట్టు ఇంకా ముప్పై బారలు ఉందనగా కోట ఉత్తర ద్వారం తెరుచుకుంది. ఇద్దరు రౌతులు గుర్రాల్ని లోయలోకి దూకించారు. నల్లటి మీసాలు, మెరిసే బల్లేలు, "పట్టుకో దాన్ని" అని అరుపులు. అంకాలు తల కూడా తిప్పలేదు. తల తిప్పడం కూడా తొందరే. కాలు ఎత్తింది.

పది గంతులకి మీసాలు నెరిశాయి. ఇరవై గంతులకి బల్లేలు జారాయి. ముందు గుర్రాలు నెమ్మదించాయి, మనుషులకన్నా వాటికి బుద్ధి ఎక్కువ. తర్వాత మోకాళ్ల మీద కూలి గడ్డి మేయడం మొదలుపెట్టాయి. రౌతులిద్దరూ దిగి, నడుం పట్టుకుని, ఒకడు రాయి మీద, ఇంకొకడు నేల మీద చతికిలబడ్డారు.

అంకాలు వాళ్ల దగ్గరికి చేరేసరికి చాలాసేపైంది.

"ఎవురమ్మాయ్ నువ్వు?" అన్నాడు రాయి మీదవాడు, చెయ్యి కళ్లకి అడ్డం పెట్టుకుని.

"కంచరిదాన్ని. నన్ను పట్టుకోడానికే వచ్చారు మీరు."

"అట్నా. ఎప్పుడు?"

"ఇప్పుడే, తాతా."

"ఇప్పుడేనా. శానా కాలమైనట్టుందే." పక్కవాడి వంక తిరిగాడు. "ఒరే కొండిగా, మనం దీన్ని పట్టుకోవాలంట."

"నువ్వు పట్టుకో. నాకు మోకాలు పట్టింది," అన్నాడు కొండిగాడు.

"మంత్రి బేగి పొమ్మన్నాడు. లోయ సంగతి మాకు చెప్పలా."

"ఎవురికి మాత్రం చెప్పాడు తాతా," అంది అంకాలు. "మిమ్మల్ని కూడా సంప్రదించే ఉంటాడు, మా మావని సంప్రదించినట్టే."

ముసలాడు కాసేపు నమిలినట్టు దవడలు ఆడించాడు. పళ్లు లేవని అప్పుడు తెలిసింది వాడికి. "పొద్దున నా పెళ్లాం జొన్నరొట్టె పెట్టింది," అన్నాడు మెల్లగా. "గట్టిగా ఉందని అరిశాను. ఇంక మెత్తగా చేసినా..." అంగీ విప్పి, తలపాగా తీసి ఆమె చేతికిచ్చాడు. "పదారు మూరల పాగా. నా తల చిక్కిపోయింది, దీని బరువు మొయ్యలేదు. ఎయ్యి నెత్తిన. నిన్ను గుర్తుపడితే లోపలికి రానియ్యరు."

"నువ్వెట్టా పోతావు ఇంటికి?"

"నెమ్మదిగా పోతా. తొందరేముంది ఇంక."

అంకాలు అంగీ తొడిగింది, పాగా చుట్టింది, కొలిమి మసి మూతి మీద రాసి మీసం దిద్దింది. ఇన్ని చేసినా ఒక్క కదలికలోనూ తొందర లేదు. గట్టు పది బారలుంది. సరిగ్గా అప్పుడే కోటలో సభ డోలు మోగింది.

మూడు రోజులు పట్టిన ఓర్పు ఆ మోతకి తెగింది. సభ మొదలైంది. మంత్రి గిన్నె ఐదు గడియల పని ఒక గడియలో చేస్తుంది, ముప్పై ఊళ్లూ ఆరు గడియల్లో అయిపోతాయి. కాళ్లు వాటంతటవే పరుగందుకున్నాయి. ఒకటి, రెండు, మూడు. మూడో అడుగుకి పాగా కింద నెత్తి చల్లబడింది. చెవి పక్కన జారిన వెంట్రుకని పట్టుకు చూసింది. తెల్లగా ఉంది.

ఆగింది. కళ్లు మూసుకుని ఊపిరి లెక్కపెట్టింది. తొందర పెట్టి గెలిచేవాణ్ణి తొందరపడి ఓడించలేవే పిచ్చిదానా, అని తనకి తాను చెప్పుకుంది. మిగిలిన బారలన్నీ, ఊళ్లు ఒక్కొక్కటే గంట దెబ్బకి లేచిపోతున్నట్టు వినపడుతున్నా సరే, కాలు ఎత్తడానికి పది ఊపిర్లు, దించడానికి పది ఊపిర్లు.

గట్టెక్కిన మరుక్షణం మాత్రం ఆమెని గాలి కూడా అందుకోలేకపోయింది. ఉత్తర ద్వారం, ఏనుగుల సాల, హోమపు పొగ, మూడు వాకిళ్లు. "ఎవడ్రా" అన్న కాపలావాడికి "మంత్రిగారి పని, అడ్డం లే" అంది. ఆ మాటకి ఆ కోటలో లేవని అడ్డం లేదు.

సభామండపం చూసి తీరాల్సిందే. నూట ఎనిమిది చలువరాతి స్తంభాలు, ఒక్కో స్తంభం చుట్టూ చెక్కిన ఏనుగు తొండం పైకి లేచి తామరపూవు పట్టుకుని ఉంటుంది. కప్పుకి ముత్యాల జాలరు. గోడలకి అద్దపు బిళ్లలు, దీపం ఒకటి వెలిగిస్తే వెయ్యి కనపడతాయి. కిటికీ ఒక్కటీ లేదు. రాజు నిర్ణయాన్ని సూర్యుడు తొందరపెట్టకూడదని పూర్వం గోడలు మూసి కట్టారు. పాపం, పెద్దవాళ్లు మంచికే కట్టారు. ఇప్పుడా మండపానికి బయట పొద్దు ఎంతైందో తెలుసుకునే దారి తొట్టిలోని గిన్నె ఒక్కటే.

పైన రాణి హేమావళి. పాతికేళ్లు లేవు. తండ్రి పోయిన నెలలోనే గద్దెనెక్కింది. పొరుగు రాజు సరిహద్దులో ఉన్నాడు, ఆలస్యం విషం అని మంత్రి చెవిలో చెప్పినప్పుడల్లా ముద్ర తీసి వేస్తోంది. పక్కన ధూమకేతనుడు. సన్నగా, పొడుగ్గా, పొగకి పట్టుపంచె కట్టినట్టుంటాడు. వాడి ఒళ్లో పదకొండు తాటాకుల కట్ట.

ఎదురుపీట మీద ఇరవై ఎనిమిదో ఊరి మనిషి, చేపలు పట్టే పెద్దాయన. "అమ్మా, మా తెప్పలు" అన్నాడు. గంట. ఆయన నోరు తెరిచే ఉంచి చుట్టూ చూసి, తువ్వాలుతో మొహం తుడుచుకుని లేచాడు.

అంకాలు భటుడిలా దర్జాగా నడిచి నీళ్ల తొట్టి పక్కన నిలబడింది. గడియకాపు పైడయ్య అక్కడే గంట కర్ర పట్టుకుని ఉన్నాడు. యాభై ఏళ్లుగా ఆ తొట్టి దగ్గరే. హోమపు పొగకి కళ్లు పొరలు కమ్మాయి. మంత్రి ఆయనకి బంగారు పట్టకారు బహుమానమిచ్చి, గిన్నెని ఇకమీదట చేత్తో తాకకు, దీంతో తియ్యమని కొత్త మర్యాద నేర్పాడు. మర్యాద అనుకున్నాడాయన.

"పెదనాయనా," అంది అంకాలు పెదవి కదపకుండా. "ఈసారి చెయ్యి పెట్టి తియ్యి."

పైడయ్య కంచరిపిల్ల గొంతు గుర్తుపట్టాడు. వంగి, పట్టకారు పక్కన పెట్టి, మునిగిన గిన్నెని వేళ్లతో పట్టుకున్నాడు. వేళ్లు అడుగుకి పోయాయి. ఆగిపోయాయి.

"ఇదేందమ్మా, శెనగ్గింజ దూరేట్టుంది."

"అదే."

ఆమె నడుము విప్పి తాత గిన్నెని ఆయన తడి చేతిలో పెట్టింది. ఆయన అంచంతా తడిమాడు. ఒకచోట అసలు గిన్నెకి ఉండే మూడు సుత్తి చుక్కలున్నాయి. వాటి మీద బొటనవేలు నిలిచిపోయింది.

"నా చెయ్యి ముసలిదై గిన్నెని వంకర తేలుస్తుందనుకున్నా," అన్నాడు. "అందుకే బేగి మునుగుతుందేమోనని ఇంటికాడ కుండలో నీళ్లు పోసుకుని నేర్చుకుంటన్నా రోజూ. ఈ వయసులో."

"తేల్చు పెదనాయనా. తర్వాత తిడుదువుగాని."

ఇరవై తొమ్మిదో ఊరు బోయలది. వాళ్ల మనిషి మంత్రి గిన్నె మొహం చూసి అలవాటుపడ్డవాడు, "దండాలమ్మా" అని ఒక్క ముక్క అని, గంట మోగకముందే లేచిపోయాడు. అంతగా నేర్పారు జనానికి.

"కంచుమెట్ట," అన్నాడు ధూమకేతనుడు ఆవులిస్తూ. "చివరిది."

సూరప్పని ఇద్దరు పట్టుకుని తెచ్చి పీట మీద కూచోబెట్టారు. పైడయ్య అంకాలు తాత గిన్నెని ఖాళీ చేసి నీళ్ల మీద వదిలాడు. అది ఆకులా నిలిచింది.

సూరప్ప చేతులు జోడించాడు. "మహారాణీవారికి... మా మెట్ట మీద... నూట పదహారు గడపల దండాలు." దగ్గొచ్చింది. దగ్గాడు. నీళ్లడిగాడు. నీళ్లు తెచ్చారు. తాగాడు, చెంబు వెనక్కిచ్చాడు. సభలో అందరూ గంట కోసం చెవులు పెట్టారు. గంట మోగలేదు.

"మేం కంచు పోసేవాళ్లం," అన్నాడు సూరప్ప. "ఈ సభలో గంట మా ఊరోళ్లదే. ఆ తలుపు గొళ్లెం మా నాయన పోశాడు."

ధూమకేతనుడు తల తిప్పాడు. "గంట కొట్టు పైడయ్యా."

"గిన్నె మునగలేదు స్వామీ."

"కొట్టమంటున్నా," అని లేచాడు ధూమకేతనుడు.

"యాభై ఏళ్లలో మునగని గిన్నెకి కొట్టలేదు. ఇప్పుడూ కొట్టను."

రాణి హేమావళి గద్దె మీద ముందుకి వంగింది. "కూర్చోండి మంత్రిగారూ. నా సభలో ఒక మనిషి మాట చివరిదాకా పోవడం నేను ఇవాళే వింటున్నాను. చెప్పు తాతా."

"తాతని కాదమ్మా," అన్నాడు సూరప్ప. "నాకు నలభై. నీకు అన్న వరస. నన్నిట్టా చేసినాయన నీ పక్కనే ఉన్నాడు, అది తర్వాత." ఊపిరి పీల్చుకున్నాడు. అంకాలు తనూ పీల్చుకుని లెక్కపెట్టింది. నూట డెబ్బై. ఇంకా సగం గడియ పైన ఉంది. "కొండలు వద్దా, కావాలా, ఎవురు దిగాలి, ఎవురు ఉండాలి, అదంతా తీరిగ్గా మాట్లాడుకుందాం. మా ఊళ్లకి రా. నువ్వు చేసేది మంచిదే అయితే మేవే దిగొస్తాం. కానీ తొందరెందుకు? మంచి పనికి ఇంత తొందరెందుకు? నాది ఒక్కటే ప్రశ్న. తొమ్మిదో ఆకు చదివించు."

ప్రశ్న పూర్తయింది. నెల రోజుల్లో ఎదురుపీట మీంచి వచ్చిన మొదటి ప్రశ్న.

"చదవండి," అంది రాణి.

"తప్పకుండా," అన్నాడు ధూమకేతనుడు, కట్ట విప్పుతూ. వాడి గొంతులో కోపం లేదు. అప్పుడే అంకాలుకి భయం వేసింది. వాడు తొమ్మిదో ఆకుని రెండు వేళ్లతో లాగి నోట కరిచాడు. పట్టుపంచె చిరిగింది, భుజాల్లోంచి నల్లని రెక్కలు లేచాయి, మెడ సాగి బోడిదైంది. ఏనుగు గున్నంత రాబందు ముత్యాల జాలరు చింపుకుంటూ వాకిళ్ల వైపు దూసుకుపోయింది. వాడి ఎత్తు ఆమెకి అర్థమైంది. గిన్నె మునిగేలోగా ఆకు దొరక్కపోతే, లేని ఆకు గురించి అడిగింది ప్రశ్న కిందికే రాదు. ప్రశ్న లేకపోతే ఊళ్లు ఒప్పుకున్నట్టే. ముద్ర పడుతుంది.

"గిన్నె చూస్కో పెదనాయనా," అని అంకాలు దూకింది.

చివరి వాకిట్లో రాబందు రెక్క విప్పుకోడానికి ఒక్క క్షణం ఆగింది. ఆమె దాని కాలు రెండు చేతులతో వాటేసుకుంది. నేల జారిపోయింది. హోమపు పొగ కళ్లలో పొడిచింది, చీలింది, పైన నీలంగా ఆకాశం, ఆకాశంలో సూర్యుడు. నడినెత్తికి కూడా రాలేదు. కింద జనమంతా సాయంత్రమైందనుకుంటున్నారు.

రాబందు కాలు విదిలించింది. గోళ్లతో గీరింది. ఆమె పట్టు సడలలేదు, తిత్తి తొక్కిన కాళ్లూ సుత్తి పట్టిన చేతులూ అవి. "వదలవే," అంది వాడి గొంతు, ఆకు కరిచిన ముక్కు సందుల్లోంచి. దక్షిణాన వాడి మఠముంది, అటు తిరగబోయాడు. అంకాలు తన బరువంతా దాని ఎడమకాలి మీద వేసి ఊగింది. ఒకసారి, రెండుసార్లు. పడవ ఒరిగినట్టు రాబందు ఉత్తరానికి ఒరిగింది. కోట గోడ వాళ్ల కింద నుంచి జారిపోయింది. గోడ అవతల పచ్చలు పొడి చేసి చల్లిన గడ్డి.

తను అల్లిన వలని వాడు చూసుకునేసరికి లోయ నడుమ ఉన్నాడు. భయపడ్డాడు. భయపడ్డవాడు చేసే పనే చేశాడు, రెక్కలు ఇంకా జోరుగా కొట్టాడు.

మొదటి ఈక రాలింది. తర్వాత గుప్పెడు. ఆమె చేతుల కింద కాలి చర్మం ఎండు తాటిమట్టలా గరుకెక్కింది. తన వేళ్ల కణుపులు కూడా ఉబ్బడం ఆమెకి కనపడింది. వాడి జోరులో తనకీ వాటా ఉంది మరి. ముసలి ముక్కు వదులైంది. తొమ్మిదో ఆకు జారి, గాలిలో అటొకసారి ఇటొకసారి ఊగుతూ, ఏ తొందరా లేకుండా దిగసాగింది. దానికి ఏమీ కాలేదు. ఆకులు అట్లాగే రాలతాయి.

అంకాలు కాలు వదిలేసింది. ఒక చేత్తో పాగా కొస లాగింది. పదహారు మూరల గుడ్డ విప్పుకుని బుస్సున గాలి పోసుకుంది, రెండు కొసలూ పట్టుకుంది. పడటం ఆగి దిగడం మొదలైంది. దూరంగా రాబందు కేక, ఆ కేక మధ్యలో దగ్గు. అది అవతలి గట్టు చేరిందో లేదో ఆమె చూడలేదు.

ఆకు ఆమె మొహం ముందుకి వచ్చింది. పళ్లతో అందుకుంది, మోకాళ్ల మధ్య ఇరికించింది.

ఇప్పుడేం చెయ్యాలి? లోయలో దిగితే గట్టెక్కడానికి రోజున్నర. గిన్నెకి మిగిలింది, ఊపిరి లెక్క ప్రకారం, నూరు. పరుగెత్తితే ఎముకలై చేరుతుంది, ఆకు గట్టు మీద పడుతుంది, అంతే. అంకాలు కోట గోడ వంక చూసింది. గోడ మీద జనం మూగారు, సభలోంచి పరుగెత్తుకొచ్చినవాళ్లు. చేపల పెద్దాయన, దండం పెట్టి లేచిపోయిన బోయ. వాళ్లకీ తనకీ మధ్య ఉన్నది పిలుపు దూరం.

ఆకు తీసుకురావాలని ఎవరన్నారు? చదవమన్నారు.

ఆమె మోకాళ్ల మీదికి తల వంచి, కొండ మీద నుంచి కొండ మీదికి పిలిచే గొంతుతో, ఒక్కో మాటా విడదీసి, చదవడం మొదలుపెట్టింది. "ఈ శాసనము. అమలైన నాటి నుంచి. ఎదురుపీట. ఉండదు."

గోడ మీద చేపల పెద్దాయన ఆ మాటల్ని అందుకుని వెనక్కి తిరిగి అరిచాడు. ద్వారం దగ్గర ఇంకెవరో అందుకున్నారు. వాకిట్లో ఇంకొకరు. మాట మనిషి నుంచి మనిషికి మండపం వైపు పోతోంది.

"ముప్పై ఊళ్ల నోళ్లు," చదివింది అంకాలు, "ఇకమీదట. మంత్రిగారి. ఆధీనము."

"ముప్పై ఊళ్ల నోళ్లు," అన్నాయి గోడ మీద ముప్పై ఊళ్ల నోళ్లు.

ఇంకా మూడు వరుసలున్నాయి. కాళ్ల కింద మోదుగు చెట్టు పూసింది, రాలింది. పాగా గుడ్డలో ఒక కుట్టు తెగిన చప్పుడైంది. కోట మీద హోమపు పొగ చీలి వెలుతురు పడుతోంది. అంకాలు పైకి చూడలేదు, కిందికి చూడలేదు. తర్వాతి మాట మీద చూపు నిలిపింది. గంట ఇంకా మోగలేదు.